నేను ఊదేసిన దీపం

నేను పిరికిదాన్ని. వినయం కొద్దీ అంటున్న మాట కాదిది, మా ఇంటిల్లిపాదీ ఎప్పుడో తేల్చేసిన సంగతి. కడప జిల్లాలో మాది నేతపని ఇల్లు. మగ్గం గుంత చుట్టూ నూలు, మిద్దె మీద నూలు, మంచం కింద నూలు, ఎటు చూసినా అంటుకునే సరుకే. బీడీ ముట్టించుకుని మా వాకిట్లో నిలబడ్డ మనిషిని మా అవ్వ వీధి మలుపు దాకా తిడుతూ పంపేది. కరెంటు పోయి దీపం పెడితే దాని పక్కన కాపలా కూర్చునేది. ఆ దీపాన్ని నోటితో ఊదకూడదని నేర్పింది కూడా ఆమే. పువ్వుతో వత్తిని అణచాలి, ఆరిందనకూడదు, కొండెక్కిందనాలి. ఊదితే ఆ ఇంటికి కీడు. అలా మంట వెలుగుతుంటే ఒక భయం, ఆర్పాలంటే ఇంకో భయంతో పెరిగాను.

అలాంటిదాన్ని పోయి పోయి మంటల ఉద్యోగంలో పడ్డాను. ఫ్యాక్టరీల్లో గ్యాస్ బర్నర్లకు ఒక పరికరం ఉంటుంది. ఫ్లేమ్ డిటెక్టర్ అని దాని పేరు, పనివాళ్ళంతా 'కన్ను' అంటారు. టార్చిలైటంత ఉంటుంది. ముందువైపు గాజుబిళ్ళ. బర్నర్ వెనకాల ఒక గొట్టంలో దూర్చిపెడితే, లోపల మంట ఉందా లేదా అని రెప్ప వేయకుండా చూస్తూ ఉంటుంది. మంట కనబడినంతసేపూ గ్యాస్ రానిస్తుంది, కనబడకపోతే ఠక్కున మూసేస్తుంది. మంట ఆరిపోయాక కూడా గ్యాస్ వస్తూనే ఉంటే ఏమవుతుందో మా ఆఫీసులో చేరిన కొత్తలో ఫోటోలు చూపించారు. ఇనుప తలుపులు కాగితాల్లా నలిగిపోయి ఉన్నాయి. ఆ రాత్రి నేను అన్నం తినలేదు.

కర్నూలు, కడప జిల్లాల్లో ఈ కళ్ళను బాగుచేస్తూ బస్సుల్లో తిరగడం నా పని. నందికొట్కూరు రోడ్డులో ఒక నూనెమిల్లు ఉంది. పత్తిగింజల చెక్కలో మిగిలిన నూనెను పెట్రోలు లాంటి ద్రావకంతో లాగే మిల్లు. గాలిలోనే ఆ ద్రావకం వాసన ఉంటుంది. అగ్గిపెట్టె, ఫోను గేటు దగ్గరే ఇచ్చి లోపలికి వెళ్ళాలి. అక్కడికి వెళ్ళిన ప్రతిసారీ నా నడక మారిపోయేది, చెప్పు రాసుకున్నా నిప్పురవ్వ లేస్తుందేమో అన్నట్టు నడిచేదాన్ని.

ఆ మిల్లులో బాయిలర్ చూసే ఆపరేటర్ నన్ను చూస్తే చాలు నవ్వేవాడు. పెద్ద మీసాలాయన, నేను అన్నా అనేదాన్ని.

"ఏం పాపా, పిల్లిమాదిరి నడ్చుకుంటా వస్తాండావు? మంట నిన్నేం జేస్తాది? నా ముందర తోక ముడ్చుకోని పడుంటాది అది."

"ఇంటిదీపమని ముద్దు పెట్టుకుంటే మీసాలు కాలవా అన్నా?" అనేదాన్ని.

ఆయన ఆ మీసాలనే దువ్వుకుని, "శానా మంటల్ని చూసినాయిలే ఇవి" అనేవాడు.

ఆ ఏడు ఆయుధపూజకు తప్పకుండా రమ్మని ఫోన్ చేశాడు. పండగకు పనివాళ్ళ భార్యలు, తల్లులు కూడా మిల్లుకు వస్తారు. ఆయన భార్య తనకు నేత చీరలు తెచ్చిపెట్టమని ఎప్పటినుంచో అడుగుతోంది. మా ఇంటి నేత చీరలు నాలుగు సంచిలో పెట్టుకుని బయలుదేరాను. నాపరాళ్ళ లారీలు అడ్డం పడి బస్సు ఆలస్యమైంది. నేను గేటు దాటేసరికి పూజ అయిపోయింది. గుమ్మడికాయ పగిలి, కుంకుమ నీళ్ళు ఎండకు ఆరిపోతున్నాయి.

ద్రావకం ఉన్న షెడ్డులో ఆ రోజు కూడా దీపం, కర్పూరం ఉండవు, పూలూ పసుపూ అంతే. అది అందరూ పాటించే కట్టుబాటు. బాయిలర్ గదికి మాత్రం ఆ పట్టింపు లేదు. లోపలెటూ మంటే కదా, ముందర ఒక దీపం పెడితే తప్పేంటని వాళ్ళ లెక్క. వినడానికి సబబుగానే ఉంటుంది, ఆ మాట మీద నేను కూడా ఎప్పుడూ ఎదురు చెప్పలేదు.

గదిలో ఆడవాళ్ళు కొత్త చీరల్లో నేలమీద కూర్చుని కొబ్బరి ముక్కలు, బొరుగులు పంచుకుంటున్నారు. ఆపరేటర్ అన్న పంచె కట్టుకుని, నుదుట ఇంత బొట్టు పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన భార్య నన్ను చూసి, "రామ్మా, ఇప్పుడా వచ్చేది!" అని పక్కన చోటు చేసింది. నేను కూర్చోబోయి ఆగిపోయాను.

ఏదో తక్కువైంది. ఏమిటో వెంటనే తెలియలేదు. ఫ్యాను తిరుగుతోంది. ప్యానెల్ మీద పచ్చదీపం వెలుగుతోంది, అంటే మంట ఉన్నట్టే. కానీ బాయిలర్ మండేటప్పుడు ఒక హోరు ఉంటుంది, కాళ్ళ కింద నేలలోకి కూడా తెలుస్తుంది. ఆ హోరు లేదు. బర్నర్ పక్కనున్న చిన్న అద్దంలోంచి లోపలికి చూశాను. చీకటి.

అప్పుడు వాసన తగిలింది. ద్రావకం వాసన కాదు, వంటగ్యాస్ వాసన. కన్ను ఉండాల్సిన గొట్టం ఖాళీగా నోరు తెరుచుకుని ఉంది, అందులోంచి వస్తోంది. మరి కన్ను? దాని వైరు పట్టుకుని చూస్తూ పోయాను. నేలమీద ఒక నాపరాయి, రాయి మీద ఇత్తడి కుందెలో దీపం. దీపానికి జానెడు దూరంలో, రెండు కొబ్బరిచిప్పల మధ్య కదలకుండా నిలబెట్టిన కన్ను. అది తదేకంగా ఆ దీపాన్నే చూస్తోంది. మంట ఉంది, మంట ఉంది అని చెబుతోంది. గ్యాస్ వస్తూనే ఉంది.

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆ గ్యాస్ గాలికంటే బరువు. నేల మీద నీళ్ళలా పాకుతుంది. నేల మీద ఆడవాళ్ళు, నేలకు జానెడెత్తున దీపం. గ్యాస్ కట్టేసే చక్రం అవతలి గోడ దగ్గర ఉంది, అక్కడికి పోవాలంటే అందరినీ దాటాలి. అరుద్దామంటే నోరు పిడచగట్టింది. పారిపోవాలనిపించింది. నిజంగానే ఒక కాలు గుమ్మం వైపు తిరిగింది. ఆయన భార్య ఇంకా నవ్వుతూ నాకోసం కొబ్బరి ముక్క చాపుతోంది.

మోకాళ్ళ మీద పడి, ఉఫ్ మని ఊదేశాను.

వెలుతురు పోయింది. ప్యానెల్ మీద పచ్చది ఆరి ఎర్రది వెలిగింది. గోడ దగ్గర గ్యాస్ ఠక్కుమని మూసుకుంది.

ముందు ఆయన భార్యే తేరుకుంది. "ఏం పనమ్మా ఇది! పండగపూట దీపం ఊదేస్తివే! మాయాయన పేరు మీద పెట్టిన దీపం గదా!"

"అందరూ బయటికి నడవండక్కా. ఏ స్విచ్చీ ముట్టుకోవద్దు. నడవండి" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. ఆపరేటర్ అన్న అద్దంలోంచి లోపలికి చూశాడు. ఆ పెద్ద మనిషి మొహం సున్నం కొట్టినట్టయింది. "లేయండి, లేయండి, బయటికి పదండి" అని ఆయనే అందరినీ తోలాడు.

గది తలుపులన్నీ తెరిచి, గాలికి వదిలేసి, గేటు దగ్గర కొళాయి గట్టు మీద కూర్చున్నాం. అక్కడ చెప్పాడు ఆయన. పూజకు ముందు రోజు అన్నీ విప్పి కడిగారు. స్పానర్లు, మీటర్లు వరసగా పీట మీద పెట్టి గంధం, కుంకుమ పెట్టారు. కన్నుకూ పెట్టారు. దాని ముఖం గాజుబిళ్ళే కాబట్టి బొట్టు అక్కడే పడింది. పూజలో పెట్టిన బొట్టు ఎవరు తుడుస్తారు? అలాగే తీసుకెళ్ళి బిగించారు. మసకేసిన కంటికి లోపలి మంట సరిగా ఆనలేదు. వెలిగించిన ప్రతిసారీ గ్యాస్ కట్టేసింది. పూజయ్యాక వెలిగించిన మొదటి మంట ఆరిపోతే ఏడాదంతా అరిష్టమని అందరి ముఖాలూ చిన్నబోయాయి. కన్ను చెడిపోయిందనుకుని, ఆయన దాన్ని బయటికి లాగి, దగ్గరగా దీపం చూపించి, బర్నర్‌ను మళ్ళీ వెలిగించాడు.

"మంట బాగనే ఎత్తుకునింది పాపా. నా కండ్లతో చూసినా. యెప్పుడు ఆరిపోయిందో తెలీల్యా. ప్రసాదం పంచే గోలలో పడినా" అన్నాడు. మీసం మీద చెయ్యి వేయకుండానే లేచి, గది వైపు నడిచాడు.

నాకు కోపం రావాల్సింది, రాలేదు. ఒళ్ళంతా వణుకుతోంది. సంచిలోంచి చీరలు జారి తడిలో పడితే తీసుకోవడానికి కూడా వంగలేకపోయాను.

ఆయన భార్య లోపలికి పోయి ఆ ఇత్తడి కుందె తెచ్చింది. నా మొహం చూడకుండా గేటు బయటికి నడిచి, రోడ్డు వారన రాయి మీద పెట్టి, వాచ్‌మన్ దగ్గర అగ్గిపెట్టె తీసుకుని మళ్ళీ వెలిగించింది. గాలికి ఆరకుండా కాసేపు చేతులు అడ్డం పెట్టింది. తిరిగి వచ్చి చీరలు తీసి, నీళ్ళు పిండి, నా పక్కన కూర్చుంది. ఊదినందుకు ఇంకా తిడుతుందనుకున్నాను.

"ఇంకా వణుకుతాండావే. అంత భయమా నీకు?"

"చచ్చేంత ఉందక్కా. చిన్నప్పటినుంచీ ఇంతే."

ఆమె తలుపులు తెరిచిన బాయిలర్ గది వైపు, ఆ గుమ్మంలో తల వంచుకుని నిలబడ్డ భర్త వైపు చూసింది. ఆమె చేతులు కూడా అప్పుడు వణకడం మొదలుపెట్టాయి.

"ఉండనీలే తల్లీ, పోగొట్టుకోవాకు" అంది. "ఆ మనిషికి ల్యాకపాయె, చూస్తివి గదా."

ఇద్దరం ఒక తడి చీర చెరో కొస పట్టుకుని, వణుకు తగ్గేదాకా అలాగే కూర్చున్నాం.