మేస్త్రీ వాటా

మా అన్నయ్య శాలేమురాజు ముప్పై నాలుగేళ్లు వంట మేస్త్రీగా బతికాడు. భట్టిప్రోలు నుంచి రేపల్లె దాకా ఎవరింట్లో పెళ్లయినా, ఏ చర్చిలో పండుగైనా గాడిపొయ్యి తవ్వకముందే అతనికి కబురు వెళ్లేది. పొయ్యి దగ్గర అతని మాటే మాట. పెళ్లికొడుకు తండ్రి వచ్చి ఉప్పు చూస్తానన్నా గరిటె ఇచ్చేవాడు కాదు. అంతటి మొనగాడు ఇంట్లో మాత్రం మంచినీళ్లు కూడా ముంచుకుని తాగడు. మా వదిన రత్నం దాని గురించి పెళ్లయిన నాటి నుంచీ సణుగుతూనే ఉండేది.

అతని బృందంలో ఒక పద్ధతి ఉంది. చివరి బంతి లేచేదాకా మేస్త్రీ తినకూడదు. అప్పటికి గుండిగలో ముక్కలేం మిగలవు. అందుకని మాంసం ఉడుకుతున్నప్పుడే పైన తేలే ఎర్రటి కొవ్వునూనెను గరిటెతో తీసి ఒక గిన్నెలో పక్కన పెట్టుకుంటాడు. చివర్లో అన్నంలో కలుపుకుని తింటాడు. దాన్ని మేస్త్రీ వాటా అంటారు. పెళ్లిళ్ల రోజుల్లో వారానికి ఐదు రోజులు మా అన్నయ్య భోజనం అదే. కూరగాయలు జ్వరం వచ్చినవాళ్లు తినేవని అతని అభిప్రాయం. నేను బాపట్లలో సైన్సు టీచర్ని. కొవ్వు అంత మంచిది కాదని చెప్పబోతే, నీ పాఠాలు పిల్లలకి చెప్పుకోమని ఇంకో ముద్ద కలిపేవాడు.

మూడేళ్ల కిందట కొలకలూరులో బంధువుల పెళ్లికి ఇద్దరం భట్టిప్రోలులో తెనాలి రైలెక్కాం. పెట్టె అంతా ఖాళీగా ఉన్నా అన్నయ్య వెళ్లి మరుగుదొడ్డి పక్కన కూర్చున్నాడు. తెనాలి చేరేలోపు మూడుసార్లు లేచాడు. ఏంటి సంగతని గట్టిగా అడిగితే కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పాడు. ఐదు నెలలుగా విరేచనంలో రక్తం పడుతోందట.

"వేడి చేసిందిలే. ముప్పై ఏళ్లు పొయ్యి దగ్గర నిలబడ్డవాడికి వేడి చేయక చలవ చేస్తుందా?" అన్నాడు.

మజ్జిగ తాగుతున్నాడట, సబ్జా గింజలు నానబెట్టుకుంటున్నాడట. తనకి పని నేర్పిన మేస్త్రీకి కూడా ఇలాగే ఉండేదనీ, వంటవాళ్లకి ఇది మామూలేననీ చెప్పాడు. ఆ మేస్త్రీ ఎన్నేళ్లు బతికాడని అడిగాను. సీటు కింద సంచి సర్దుకోవడం మొదలుపెట్టాడు. నాకు ఒళ్లు మండింది. తెనాలిలో దిగగానే డాక్టరు దగ్గరికి పద అన్నాను. అప్పుడు నా చెయ్యి పట్టుకున్నాడు. మా అన్నయ్య భయపడడం నేను అంతకుముందు చూడలేదు.

"సారా, ఇది ఎవరికీ చెప్పకు. మీ వదినకి కూడా. కడుపు పాడైన మేస్త్రీ వండితే ఎవరు తింటారు? రేపు నన్ను పొయ్యి దగ్గరికి రానిస్తారా?"

మా చర్చి సంఘానికి వందేళ్ల పండుగ నాలుగు నెలల్లో ఉంది. పద్దెనిమిది వందల మందికి వంట. దాన్ని శాలేమురాజే చేయాలని పెద్దలంతా కూర్చుని అనుకున్నారు. అది అయ్యాక తప్పకుండా చూపించుకుంటానన్నాడు. సరేనన్నాను. అన్నయ్య మీద జాలితోనే ఒప్పుకున్నానని చెబితే అబద్ధం అవుతుంది. చర్చిలో నన్ను శాలేమురాజు చెల్లెలని పిలుస్తుంటే నాకూ బాగానే ఉండేది.

పండుగ వంట అద్భుతంగా కుదిరింది. తువ్వాలు నడుముకి బిగించి కట్టుకుని, రెండు రోజులు నిలబడే ఉన్నాడు. తర్వాత పెళ్లిళ్ల సీజన్ అన్నాడు, తర్వాత క్రిస్మస్ అన్నాడు. ఒకసారి పోరాడి గుంటూరులో పరీక్షకు రోజు ఖాయం చేయించాను. ఆ రోజు పొద్దున్నే సూర్యలంకలో ఎవరో చుట్టాల పిక్నిక్‌కి చేపల పులుసు వండడానికి వెళ్లిపోయాడు. నేను ఫోన్లో అరిచాను. అరిచి ఊరుకున్నాను. అతని పక్కనే ఉన్న వదినకి ఫోన్ ఇమ్మని ఒక్క మాట చెబితే అయిపోయేది. చెప్పలేదు.

ఏడాదిన్నర తర్వాత రేపల్లెలో ఒక పెళ్లింట గుండిగ దించుతూ కూలిపోయాడు. పేగు మూసుకుపోయింది. గుంటూరులో ఆపరేషన్ చేశారు. పెద్దపేగులో క్యాన్సరు, అప్పటికే కాలేయానికి పాకింది.

ఎందుకొచ్చిందని ఆపరేషన్ చేసిన డాక్టరమ్మని అడిగాను. నేను టీచర్నని తెలిసి ఆవిడ కాగితం మీద బొమ్మ గీసి చెప్పింది. కొవ్వు తిన్నప్పుడల్లా దాన్ని అరిగించడానికి కాలేయం పైత్యరసాన్ని వదులుతుంది. అందులోని ఆమ్లాలు చాలావరకు చిన్నపేగు చివర నుంచి మళ్లీ కాలేయానికే చేరతాయి. కొంత మాత్రం పెద్దపేగులోకి జారుతుంది. కొవ్వు ఎక్కువ తింటే ఆ జారేదీ ఎక్కువే. అక్కడి సూక్ష్మజీవులు ఆ ఆమ్లాల్ని ఇంకా ఘాటుగా మారుస్తాయి. అవి పేగు లోపలి పొరను ఏళ్ల తరబడి ఒరుస్తుంటాయి. కణాలు చెడిపోయిన చోటల్లా బాగుచేసుకుంటూ వచ్చి, ఒకనాడు ఆ బాగుచేసుకోవడంలోనే తప్పుతాయి.

"మీ అన్నయ్యగారికి దీనివల్లే వచ్చిందని నేను చెప్పలేనండి. కారణాలు చాలా ఉంటాయి. కానీ మొదట రక్తం కనబడ్డప్పుడే వచ్చుంటే బాగుచేసే అవకాశం చాలా ఉండేదండి" అంది.

పైత్యరసం పాఠం నేను ఇరవై ఆరేళ్లు చెప్పాను. కొవ్వును చిన్న చిన్న బిందువులుగా విడగొడుతుందని బోర్డు మీద రాసి అక్కడితో ఆపేదాన్ని. ఆ తర్వాత అది ఎక్కడికి పోతుందని ఏ పిల్లవాడూ అడగలేదు, నాకూ తోచలేదు. ఆ కాగితం చేతిలో పట్టుకుని ఆసుపత్రి మెట్ల మీద కూర్చుని ఏడ్చాను.

మందులు ఎక్కించారు. ఏడు నెలలు గడిచాయి. తర్వాత ఇంక ఇంటి దగ్గరే ఉంచుకోమన్నారు. భట్టిప్రోలులో ముందుగదిలో మంచం వేశాం. కళ్లు పసుపుపచ్చగా అయ్యాయి. గంజి కూడా లోపల నిలిచేది కాదు. తిరిగిన పందిళ్ల గురించి, వండిన పెళ్లిళ్ల గురించి రోజంతా మాట్లాడేవాడు. ఆ మాటలు వింటూ వదిన పక్కకి తిరిగి కళ్లు తుడుచుకునేది. ఇంత జరిగినా, రైల్లో నాకు చెప్పిన సంగతి ఆమెకి ఇంకా తెలియదు.

ఒక ఆదివారం ఆమె చర్చికి వెళ్లాక నన్ను దగ్గరికి రమ్మన్నాడు. గొంతు సరిగా రావడం లేదు. నేను వంగి చెవి పెట్టాను.

"చిన్నప్పటి నుంచి నేనేం చెప్పినా వినేదానివి కాదు. చదువు మానెయ్యమంటే మానలేదు. నేను తెచ్చిన సంబంధం కాదన్నావు. నా మాట ఎప్పుడూ వినలేదు కదా సారా, రైల్లో చెప్పిన ఆ ఒక్క మాట మాత్రం ఎందుకు విన్నావు?"

అతని గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగాడు. వదిన చర్చి నుంచి వచ్చేదాకా అతని పాదాలు ఒత్తుతూ కూర్చున్నాను.