పాటల పెట్టెలో పదకొండు పుస్తకాలు

ఒక్క ప్రశ్న అడిగి, కుదరబోయే పెళ్ళిని చేజేతులా చెడగొట్టుకున్న మనిషిని మీరెక్కడా చూసి ఉండరు. ఇప్పుడు చూడండి, నేనే.

రెండువేల అయిదు ప్రాంతంలో బహ్రెయిన్‌లో, అరాద్‌లోని మా గదిలో నేనొక్కణ్ణే తెలుగువాణ్ణి. మిగతా ఇద్దరూ మలయాళీలు, తంకచ్చన్, రషీద్. తంకచ్చన్ దగ్గర పెద్దలకు మాత్రమే అనే రకం మలయాళం కథల పుస్తకాలు పదకొండు ఉండేవి. అలాంటివి రాయొచ్చా, చదవొచ్చా అని వాళ్ళ రాష్ట్రమంతా కొట్టుకుంటోందట. ఆ కొట్లాటకి మా గది ఒక శాఖ. పెద్దవాళ్ళు ఏం చదవాలో ఇంకొకరు చెప్పడమేంటని తంకచ్చన్. అంత చదువుకున్న రాష్ట్రం పరువు ఇవే తీస్తున్నాయని రషీద్. మలయాళంలో ఒకసారి పోట్లాడుకుని, నాకు అర్థం కావాలని హిందీలో మళ్ళీ మొదలెట్టేవారు. డ్యూటీ చేసి ఒళ్ళు హూనమై వచ్చినవాణ్ణి, రెండు భాషల్లోనూ వినేవాణ్ణి. నా మంచం వాళ్ళ మంచాల మధ్య ఉండడమే నా ఖర్మ.

చివరికి ఒప్పందానికొచ్చారు. వాదన తేలేదాకా పుస్తకాలు నా దగ్గరుండాలి. గదిలో మలయాళం చదవలేనివాణ్ణి నేనే కదా. ఆ నమ్మకానికి పొంగిపోయి, పాత క్యాలెండర్ కాగితాలతో వాటికి అట్టలేసి, గదిలో తాళమున్న ఒకే ఒక్క పెట్టెలో దాచాను. అది మా తెలుగు క్రైస్తవుల ఫెలోషిప్ పాటల పుస్తకాల పెట్టె. వాటికీ అవే అట్టలు. ఇంతకన్నా తెలివైనవాడు ఎవరైనా ఉంటే చెప్పండి, వెళ్ళి దండం పెట్టొస్తాను.

శుక్రవారం ఆరాధన జింజ్‌లోని ఫ్లాట్‌లో. ఓవర్‌టైం నిద్రమత్తులో పెట్టె మోసుకెళ్ళి పుస్తకాలన్నీ పంచేశాను. ఫెలోషిప్ నడిపే ప్రకాశం అయ్యగారు నా నడవడి మంచిదని ఉత్తరం రాసిస్తే, తాడేపల్లిగూడెంలో పిల్ల తరఫువాళ్ళు మాట ఖాయం చేస్తామన్నారు. ఆ ఉత్తరం ఆరోజే ఇస్తానన్నారాయన. ఫోటోలో ఆ పిల్ల నాకెంతో నచ్చింది.

పాట నంబరు చెప్పగానే కొందరు తెల్లమొహాలేశారు. ఇవి మలయాళం చర్చివాళ్ళ పాటలేమో, కలిసిపోయినట్టున్నాయని మరియమ్మ పిన్నిగారు సర్దిచెప్పారు. అందరూ నిజమే అనుకున్నారు. నేను ఊపిరి పీల్చుకున్నాను. అంతలో, కేరళలో చదువుకొచ్చిన అయ్యగారు తన చేతిలోది తెరిచి, పైనున్న కథ పేరొక్కటే చూసి, టక్కున మూసేశారు.

"ఎవరూ చదవకండి. ఇవి చెడ్డ కథలు," అన్నారు.

అప్పుడైనా ఊరుకోవాలా? నాకు నిజంగానే ఆశ్చర్యమేసింది. నలభై మంది వింటుండగా అడిగేశాను.

"పేరు చూడగానే ఎలా తెలిసిందండీ అయ్యగారూ? ముందే చదివారా?"

పిన్నిగారు పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు. అయ్యగారి చెవులు ఎర్రబడ్డాయి. ఉత్తరం ఆయన చొక్కా జేబులోంచి కనబడుతూనే ఉంది. అక్కడే ఉండిపోయింది. ఆ పిల్లకి ఆ ఏడాదే వేరేచోట పెళ్ళయింది. నేను నిజంగా ఏడ్చాను.

గదిలో ఈ సంగతి చెప్పగానే, చూశావా, ఈ పుస్తకాలు ఓ సంసారాన్ని మొదలవకముందే కూల్చాయని రషీద్ అందుకున్నాడు.

"పుస్తకాలేం చేశాయి భాయ్? అవి మూసే ఉన్నాయి. తెరిచింది వీడి నోరు," అన్నాడు తంకచ్చన్.

వాదన మళ్ళీ మొదలైంది, రెండు భాషల్లో. నేను దుప్పటి ముసుగేసుకున్నాను.

అందుకే మీ అందరి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఫలానాది మంచి పుస్తకమని ఎవరైనా అంటే, ఎలా తెలుసని అడుగుతాను. చెడ్డ పుస్తకమని అంటే మాత్రం చచ్చినా అడగను.