తలుపు మూసి పెట్టిన విస్తరి

మా కొట్టు అరుగు మీద గొడుగులు బాగుచేసే ముసలాయనను పాతూరంతా ‘బర్మావోడు’ అనేది. రంగూన్‌లో ఆయన్ని ‘కలా’ అనేవారట, అంటే పరదేశి అని. ఆయన తెలుగు మాత్రం మా అందరి తెలుగుకన్నా పాతది. మా నాయనమ్మతోపాటే పోయిన మాటలు ఆయన నోట వినిపించేవి.

ఉక్కు ఫ్యాక్టరీ పనులు మొదలైన రోజుల్లో ఆయన కొడుకు ఉద్యోగానికి ఒక కాగితం కావలసి వచ్చింది. తండ్రి పుట్టింది ఇక్కడేనని సొంత ఊళ్లో అయినవాళ్లు సంతకం చెయ్యాలి. సోమవారం గడువు. పద్మనాభం దాటాక వచ్చే ఊళ్లో ఆయన అన్న ఉన్నాడు. బర్మా నుంచి వచ్చి ఓడ దిగి పదిహేనేళ్లు దాటినా ఈయన అటు వెళ్లలేదు.

“పద్నాలుగేళ్ల వయసులో బర్మా ఎల్లిపోనాను బాబూ. ఇప్పుడెల్తే నానే అని ఎలా నమ్ముతారు? నువ్వు రా, బేరం బాగా సేత్తావు గదా.”

చేస్తాను మరి. సింహాచలం మెట్ల దగ్గర కొబ్బరికాయ కూడా మొదట చెప్పిన ధరకు కొన్నవాణ్ణి కాదు. ఒక్క సంతకం ఎంతసేపులే అని బస్సెక్కాను.

ఊళ్లో దారి అడగబోతే ఆయన నా చెయ్యి పట్టి ఆపి, ముందు నడిచాడు. కుడివైపు సందు, మూడో ఇల్లు. గుమ్మం దగ్గర తల వంచి దాటాడు. అది కొత్తగా కట్టిన గుమ్మం, నిలువెత్తు పైనే ఉంది.

లోపల పంచలో కూర్చున్నదీ ఆయనే అనిపించింది. అదే ముక్కు, అదే భుజాల వంపు. అన్న. నేను సంగతంతా చెప్పాను.

“మా తమ్ముడు సచ్చిపోనాడు బాబూ. యుద్ధంలో బర్మా నుంచి నడిసొచ్చినోళ్లు సెప్పినారు. దర్భల బొమ్మ సేసి కాల్చినాం. ఏటేటా ఇస్తరి పెడతన్నాం.”

“మరి ఈయనెవరు?” అన్నాను.

“సూత్తన్నాను గదా. అయితే ఇన్నేళ్లూ పెట్టింది ఎవుడు తిన్నట్టు?”

నాలోని కొట్టువాడు లేచాడు. “పోనీ, చనిపోయిన తమ్ముడు ఈ ఊళ్లోనే పుట్టాడని రాసివ్వండి. అది నిజమే గదా.”

అన్నగారు ఆలోచించి సంతకం చేశాడు. నేను చదివి వినిపించాను. పుట్టుక ఇక్కడ, చావు బర్మాలో.

“కుర్రోడికి పని దొరుకుద్ది గదా?” అన్నాడు మా ముసలాయన.

అప్పుడు వదినగారు పెరట్లో విస్తరి వేసి అన్నం, ఎండుచేపల పులుసు వడ్డించింది. ఎవరి ముఖమూ చూడకుండా భర్తనూ నన్నూ లోపలికి పిలిచి తలుపు మూసింది. చనిపోయిన పెద్దలకు పెట్టినప్పుడు వాళ్ల ఇంట్లో అంతే, వాళ్లు తినేదాకా చూడకూడదు. చీకట్లో ముగ్గురం నిలబడ్డాం. బయట పులుసు జుర్రిన చప్పుడైంది. నేను వెంటబెట్టుకొచ్చిన మనిషేనని తెలిసినా తలుపుకు ఒక అడుగు ఎడంగా జరిగాను. అన్నగారు తలుపు చెక్కకు చెవి ఆనించి, కళ్లు మూసుకుని వింటున్నాడు.

తలుపు తీసేసరికి విస్తరి మడిచి ఉంది. మా ముసలాయన రోడ్డు మీద నిలబడి ఉన్నాడు.

తిరుగు బస్సులో మేమిద్దరం ఆనుకునే కూర్చున్నాం. కండక్టరు నన్నొక్కణ్ణే అడిగి, ఒక్క టిక్కెట్టు చింపి ముందుకు పోయాడు. వెనక్కి పిలిచి రెండోది కొన్నాను. ఎవరూ అడగకుండా నేను డబ్బు తీసింది ఆ ఒక్కసారే.