నల్లా వేళకు నల్ల జాబితా

ముందే చెబుతున్నాను, నేను ఉన్నదానికి నాలుగింతలు చేసి చెప్పే మనిషిని. మా ఇంట్లో నా మాటను సగానికి మడిచి, ఆ సగాన్ని మళ్లీ మడిచి నమ్ముతారు. మీరూ అలాగే చదవండి.

హజీరాలో డ్యూటీ చేసి, కంపెనీ బస్సు దిగి ఇంటికొచ్చాక నాకున్న సామ్రాజ్యం ఒక్క రౌటరే. ఫోన్లలో విడిగా డేటా వేయించం కనుక ఇంట్లో అందరి ఇంటర్నెట్టూ దాని గుండానే రావాలి. ఆ మధ్య మా ఆవిడ ఫోన్‌కి "మీ పార్సిల్ ఆగిపోయింది, ఇక్కడ నొక్కండి" అని మెసేజ్ వచ్చింది. ఆవిడ నొక్కబోయి ఆగింది. నాకు మాత్రం దేశంలోని దొంగలందరూ మా గుమ్మం ముందు చెప్పులు విడిచినట్టు అనిపించింది. వెంటనే రౌటర్‌లో నల్ల జాబితా పెట్టాను. మోసపు సైట్ల పేర్లు అందులో ఉంటాయి. ఇంట్లో ఎవరూ వాటిని తెరవలేరు. దొంగలు రోజూ పేర్లు మార్చుకుంటారు కనుక జాబితా కూడా రోజూ దానంతటదే కొత్తది తెచ్చుకుంటుంది. అప్పుడు కాసేపు ఇంటర్నెట్ ఆగుతుంది. ఏ వేళకు తెచ్చుకోవాలో మనం చెప్పాలి.

"నల్ల జాబితా ఏ టైముకు పెట్టమంటవే?" అని అడిగాను.

మాది సిరిసిల్ల వైపు. అక్కడ నల్లా అంటే కుళాయి. వంటింట్లోంచి జవాబొచ్చింది: "నల్లాకు జాబితా ఏందయ్యా? పగటి మూడింటికస్తది. గది గూడ ఎరుకలేదా? బిందెలు నేను వడ్తుంటె నీకెట్ల ఎరుకైతది!"

నవ్వొచ్చింది కానీ, ఆలోచిస్తే అంతకంటే మంచి వేళ లేదు. నీళ్లొచ్చినప్పుడు మా అపార్ట్‌మెంట్‌లో ఎవరూ ఫోన్ ముట్టరు. మూడింటికే పెట్టాను.

మా ఆవిడ ఈ గుజరాతీ ఊళ్లోని సలాబత్‌పురా బట్టల బజారులో చీరలు కొని, సొంత సైట్‌లో పెట్టి మన ఊళ్లకు పంపుతుంది. ఆ సైట్ పుట్టి నెల కూడా కాలేదు. చాయ్‌కి వచ్చిన పక్కింటి గుజరాతీ అక్క, ఇక్కడి మాటలో బెన్, ముందు నేను గొప్పలకు పోయాను. ఇల్లంతా చీరలే, కాలు పెట్టే జాగా లేదు, ఈవిడ దుకాణాన్నీ ఆ జాబితాలోకి ఎక్కిస్తానన్నాను. ఇద్దరూ నవ్వారు.

వారం తిరగలేదు. కరీంనగర్ నుంచి ఒక పెళ్లివాళ్లు ఫోన్ చేశారు. సాయంత్రంలోపు కొత్త చీరలు సైట్‌లో పెడితే చూస్తాం, లేదంటే వేరేచోట తీసుకుంటాం అన్నారు. ఆవిడకు అదే మొదటి పెళ్లి బేరం. ఆ రోజు నాకు సెలవు. ఆవిడ నీళ్లు పట్టి, చీరలు పరిచి, ఫోటోలు తీసి, సైట్ తెరవబోయింది. తెరుచుకోలేదు.

"నా దుకాణం బంద్ వెట్టినవా?"

"నేను కాదే. జాబితా ఇప్పుడే దానంతటదే మారింది. ఇయ్యాల్టి సంది కొత్తగ పుట్టిన సైట్లన్నిటిని దొంగలనుకుంటది."

జీవితంలో మొదటిసారి గోరంత కూడా పెంచకుండా నిజం చెప్పాను. అది నా అబద్ధాలన్నిటికంటే పెద్ద అబద్ధంలా వినిపించింది.

"జూటా మాటలు! బెన్ ముంగట అన్నది మర్సిననుకున్నవా? నవ్వులాటకన్నవనుకున్న. నా కష్టం నీకు పరాష్కమైందా?" అని ఆవిడ అరిచిన అరుపుకు తాపీ నది అవతలి ఒడ్డున పావురాలు లేచాయి.

ఫోన్ పట్టుకుని పక్కింటికి వెళ్లి, వాళ్ల ఇంటర్నెట్ మీద ఫోటోలు ఎక్కించింది. పెళ్లివాళ్లు చూశారు, తీసుకున్నారు. ఈలోగా నేను ఆవిడ సైట్‌ను ఎన్నడూ ఆపకూడని పేర్లలో చేర్చాను. ముక్కూ మొహం తెలియనివాళ్లెవరో ఎక్కడో కూర్చుని పేర్లు రాస్తారు. ఆ పేర్లను బట్టి మా ఇంట్లో తలుపులు మూసుకుంటాయి. ఏ తలుపు వెనక ఎవరి బతుకుందో వాళ్లకు తెలియదు. తెలిసిన నేను తొంగి చూడలేదు. ఇప్పుడు జాబితా రోజూ కాక, నేను ఇంట్లో ఉండే ఆదివారం పొద్దున మాత్రమే మారుతుంది. మారగానే ఆవిడ తన సైట్ తెరిచి చూసుకుంటుంది, నేను పక్కన కూర్చుంటాను.

ఇక కల్పించిన ముక్క. గుమ్మం ముందు దొంగలు, పావురాలు ఉత్త అతిశయోక్తులు, వాటిని వదిలేయండి. ఆవిడ అరవడమే నేను అల్లింది. నా జవాబు విని ఆవిడ ఒక్క మాట అనలేదు. చీరలు మడతపెట్టింది, పక్కింటికి వెళ్లింది. అరిచి ఉంటే ఏదో ఒకటి చెప్పుకునేవాణ్ణి. అందుకే ఆ మాటలు నేనే రాసి ఆవిడ నోట పెట్టాను.