కుడికాలికి లాడం

నా మాటల్లో రూపాయికి పన్నెండణాలు గాలేనని మా ఇంటావిడ అంటుంది. ఆమెది దయగల గుండె, నిజానికి పద్నాలుగణాలుంటుంది. ముందే ఒప్పుకుంటున్నాను, తర్వాత నన్ను నిలదీయొద్దు.

అప్పట్లో నాకు ఆళ్లగడ్డలో ఒక సంబంధం చూశారు. పిల్ల తండ్రికి నా ఉద్యోగం ఆనలేదు, నా ఒడ్డూపొడుగూ ఆనలేదు. మా మేనమామ ఉండబట్టలేక, "మావోడికి సొంత మోటార్ సైకిలుండాదప్పా!" అనేశాడు. ఆ ఒక్క అబద్ధం మీద సంబంధం నిలబడింది. శుక్రవారం రాహుకాలం రాకముందే ఆ బండి మీద వాళ్ల వాకిట్లో దిగాలి.

బండి నంద్యాలలో ఒక బియ్యం మిల్లు ఆసామిది. రెండు యుద్ధాలు చేసి, మూడోదానికి ఎదురుచూస్తున్న బండి. దాని మీద మూడు రోజులు నడపడం నేర్చుకున్నాను. శుక్రవారం పొద్దున ఊరు దాటకముందే, కాలితో గేరు మార్చే లీవరు ముసలాయన పన్నులా ఊగి ఊగి, ఊడి రోడ్డు మీద పడింది. ఊళ్లో ఉన్న ఒక్క మెకానిక్కూ శ్రీశైలం పోయాడన్నారు. దొరికింది జట్కా గుర్రాలకు లాడాలు కొట్టే సాయిబు.

"ఏ కాలప్పా?" అన్నాడు.

"కుడికాలు."

"ముందరిదా, యెనకదా?"

"గుర్రం కాదు సాయిబూ, మోటార్ సైకిలు!"

"అయితే ఏంది, తన్నదా?"

కిక్కు కొట్టబోతే అది అప్పటికే రెండుసార్లు నా పిక్క మీద తన్ని ఉంది. బండిని అతని ముందుకు తోశాను.

అతను హ్యాండిలును తాడుతో వేపచెట్టుకు కట్టాడు. సీటు నిమిరి, "హో, హో" అని బుజ్జగించాడు. లీవరును ఇరుసుకు తొడిగి, అరిగిన సందులో లాడం చీల దిగ్గొట్టాడు. ఆ దెబ్బకు నంద్యాల స్టేషన్లో ఆగి ఉన్న రైలు కదిలింది. లీవరు కొండలా బిగుసుకుంది. కాకపోతే దాని కొస వెనక్కి తిరిగి ఉంది.

"ఇదేంది, యెనక్కి పెట్టినావ్?"

"ముందుకు తన్నే గుర్రాన్ని యాడన్నా సూసినావా?"

విప్పించే వేళ లేదు. ఇక గేరు తగ్గించాలంటే పెంచేవైపు, పెంచాలంటే తగ్గించేవైపు కదపాలి. పాతిక మైళ్లూ ఆ తిరకాసును జపంలా చదువుకుంటూ పోయాను. తీరా వాళ్ల ఇల్లు కనిపించగానే జపం మరిచాను. తగ్గించబోతే బండి లంఘించింది. బ్రేకులు కిందటేడే పరమపదించాయి. ముందే చేరిన మా మేనమామకూ, అరుగు మీది పెద్దలకూ నమస్కారం పెడుతూ ఇల్లు దాటిపోయాను. చుట్టు తిరిగి వచ్చి మళ్లీ దాటాను.

"పిల్లోడు పిల్లను సూసేకొచ్చినాడా, ఊరు కొనేకొచ్చినాడా?" అన్నాడు పిల్ల తండ్రి.

మూడోసారి వాళ్ల జొన్నచొప్ప వామిలో దూరి ఆగాను. నన్ను దులిపి లోపల కూర్చోబెట్టారు. అమ్మాయి తల వంచుకుని, ఒక్క మాటా మాట్లాడకుండా చాప మీద కూర్చుంది. సంబంధం కుదిరింది.

ఇందులో నేను కల్పించింది ఆ తల వంచుకోవడం. నిజానికి ఆమె నేరుగా వామి దగ్గరికే వచ్చింది. నన్ను కాదు, లీవరును చూసింది.

"యెనక్కి బిగిచ్చినారే, సూసుకోలేదా? మీదేనా ఈ బండి?"

నోట్లోని చొప్ప ఉమ్మి, "కాదు, అడిగి తెచ్చుకున్నా" అన్నాను. మేనమామ నెత్తి కొట్టుకున్నాడు.

ఆమె తండ్రివైపు తిరిగింది. "ఈయప్పే సాలు నాయనా. అబద్ధమాడినా ఒగసారి అడిగితే కక్కేస్తాడు."

రైలు మాత్రం నిజంగానే కదిలింది.