నేను కొనని మూడు అచ్చు చీరలు

ఆ రోజుల్లో, మరీ పాతవేం కావు, మెట్రో రైలు ఎల్బీనగర్ దాకా కొత్తగా వచ్చిన రోజుల్లో, నా వయసు అరవై రెండు. ఈమెయిలు లెక్కన చూస్తే మాత్రం నేనింకా పారాడే పిల్లను. పింఛను కాగితాల కోసం తప్పదంటే, దిల్‌సుఖ్‌నగర్‌లో మా అన్న బట్టల కొట్లో ఉన్న కంప్యూటర్లో వదిన నాకొక మెయిలు తెరిచిపెట్టింది. పసిపిల్లలు కనబడ్డదల్లా నోట్లో పెట్టుకున్నట్టు నేను వచ్చిన ప్రతి మెయిలునూ పై నుంచి కింది దాకా చదివి, తారీఖు వేసి జవాబు రాసేదాన్ని. (ఒక పరుపుల కంపెనీకి 'మాకు పరుపులున్నవి, ధన్యవాదాలు' అని రెండుసార్లు రాశాను. మూడోసారి కొంచెం ఘాటుగా రాశాను.)

మాది పోచంపల్లి దిక్కు నేత కుటుంబం. అన్న మగ్గం దిగి ముప్పై ఏళ్ళు దాటినా కొట్లోకి ఎవరొచ్చినా వాళ్ళ కట్టు మీదికే ఆయన చూపు పోతుంది. "జర కొంగు తిరగేసి చూడమ్మా. నేసిందైతే రెండు దిక్కుల ఒక్కతీరుంటది. అచ్చేసిందైతే ఎనకదిక్కు ఎలిసిపోయి ఉంటది" అని పాఠం మొదలుపెడతాడు. అచ్చు చీర అనే మాట మా ఇళ్ళల్లో తిట్టుతో సమానం. మా పెద్దమ్మ బిడ్డ ఒకామె అచ్చు చీర కట్టుకుని పెళ్ళికొస్తే, వడ్డిస్తున్న అన్న ఆమె విస్తట్లో పప్పు వేయకుండానే ముందుకు పోయాడు.

అట్లాంటి కొట్లో, రాఖీ పున్నానికి ఐదు రోజుల ముందు, మంగళవారం పొద్దున, గిరాకీలు నిండుగా ఉన్నప్పుడు నా మెయిలు తెరుచుకుంది. అన్న దాన్ని పైకి చదివాడట. "మీరు కొన్న మూడు పోచంపల్లి ప్రింటు చీరలు బయలుదేరినవి. కొనలేదా? వెంటనే ఈ నంబరుకు ఫోను చేయండి." నిమిషంలో నాకు ఫోను వచ్చింది.

"చెల్లె, మూడా?" అన్నాడు. గొంతులో కోపం లేదు, అందుకే నాకు భయమేసింది. "ఒక్కటి గాదు, మూడా?"

"నేను కొనలేదన్నా."

"పేరు నీదే, ఫోన్ నంబర్ నీదే. అగ్గువకొస్తున్నయని కొన్నవ్. చిన్నప్పటిసంది నువ్వు లెక్కల మనిషివే."

"అన్నా, నా మాట…"

"ఈసారి రాఖీకి రాకు. పోస్టుల పంపు."

ఊహ తెలిసినప్పటి నుంచి రాఖీ నాడు అన్న చేతికి నా చేత్తో కట్టకుండా ఒక్క ఏడాది పోలేదు. నేను నూట రెండు జ్వరంతో కట్టాను, అన్న కాలు విరిగి దవాఖానలో ఉంటే అక్కడికెళ్ళి కట్టాను. పోస్టులో పంపడమా! ఎవరో మోసం చేస్తున్నారేమో అన్న ఆలోచన నాకు ఆవగింజంతైనా రాలేదు. వచ్చింది ఒకటే: నేను కొనలేదని ఆ కంపెనీవాళ్ళతోనే రాయించుకోవాలి. వదిన గుట్టుగా ఆ మెయిల్లోని బిల్లు లెక్క, నంబరు పంపింది. చేశాను.

పాకంలో ముంచి తీసినట్టున్న గొంతు పలికింది. "మేడమ్ గారూ, కంగారు పడకండి. ఇప్పుడే క్యాన్సిల్ చేసేస్తాను. మీకో ఓటీపీ వస్తుంది, అది చెప్పండి చాలు."

"అది తర్వాత నాయనా. ముందు మీ లెక్క తప్పింది. నాలుగు వందల తొంభై తొమ్మిది చొప్పున మూడు, రవాణా నలభై తొమ్మిది, మొత్తం పదిహేను వందల నలభై ఆరు. మీరు పదహారు వందల నలభై ఆరేశిన్రు."

"సారీ మేడమ్. సరిచేస్తాం. ఓటీపీ…"

"నేను కొనలేదని ఒక కాగితం రాసియ్యి."

"క్యాన్సిలైతే మీ డబ్బులు వెనక్కొచ్చేస్తాయి కదండీ!"

"డబ్బులతోని నాకేం పని? మా అన్న మాట్లాడుతలేడు." అని నేతకూ అచ్చుకూ ఉన్న తేడా మొదటి నుంచి చెప్పాను. పాపం, వాడు మధ్యలో ఫోను పెట్టేయలేదు. "పోనీ మీ అన్నగారికి నేను ఫోన్లో చెప్పనా మేడమ్?" అని కూడా అడిగాడు.

"నోటిమాట నడవది. ముద్ర ఉండాలె."

బుధవారం రెండుసార్లు, గురువారం మూడుసార్లు చేశాడు. వాడిది ఓటీపీ పట్టు, నాది కాగితం పట్టు. గురువారం సాయంత్రానికి వాడే లొంగాడు. కంపెనీ పేరుతో, నీలం రంగు గుండ్రటి ముద్రతో మెయిలు వచ్చింది; నెట్‌సెంటర్‌లో కాగితం మీదికి తీయించుకున్నాను. "ఈమె మా వద్ద ఏనాడూ ఎటువంటి ప్రింటు చీరలూ కొనలేదని ఇందుమూలముగా ధ్రువీకరించడమైనది." (వాక్యం నేనే చెప్పి రాయించాను. వాడు 'ఏనాడూ' వదిలేస్తే మళ్ళీ చేర్పించాను.)

వెంటనే ఫోను మోగింది. "మేడమ్ గారూ, ఇప్పుడైనా ఆ ఓటీపీ…"

"ఎందుకు నాయనా? కొననే లేదని నువ్వే రాసిస్తివి. కొననిదానికి రద్దేంది, వాపసేంది?"

"ఉంటానమ్మా" అని పెట్టేశాడు. (మేడమ్ పోయి అమ్మనయ్యాను.)

రాఖీ నాడు ఆ కాగితం, హారతి పళ్ళెం, మిఠాయి డబ్బా సంచిలో పెట్టుకుని మెట్రో ఎక్కి కొట్లో దిగాను. అన్న కళ్ళద్దాలు పెట్టుకుని కాగితం రెండుసార్లు చదివాడు. అలవాటు కొద్దీ తిరగేసి కూడా చూశాడు. మొహం వెలిగిపోయింది. "సూడుండ్రి, నా చెల్లె!" అని గిరాకీలందరికీ చూపించాడు. వాళ్ళలో బ్యాంకులో పనిచేసే కోస్తా ఆవిడ ఒకరు చదివి గుండె మీద చెయ్యేసుకుంది.

"అయ్యో బాబాయి గారూ, ఇది దొంగల పనండీ! ఇలాంటి కంపెనీలు ఉండనే ఉండవు. ఓటీపీ చెప్పుంటే ఈవిడ ఖాతా మొత్తం ఊడ్చుకుపోయేవారు."

నేను అందిన స్టూలు మీద కూర్చుండిపోయాను. వదిన పరుగున నీళ్ళు తెచ్చింది. అన్న మాత్రం ఇంకేదో తీవ్రంగా ఆలోచిస్తున్నాడు.

"అంటే గీ కాగితం గూడ దొంగదేనా?"

"అవునండీ."

"అయితే చెల్లె చీరలు కొన్నట్టా, కొననట్టా?"

కొట్టంతా ఘొల్లుమంది. వదిన నవ్వలేక బట్టల మూట మీద కూలబడింది. అన్న ఒక్కడే నవ్వలేదు. కాసేపటికి పెద్ద మనసు చేసుకుని చెయ్యి చాపాడు. "సరే తీ. కొంటే కొన్నవ్. కట్టు."

నేను రాఖీ వెనక్కి లాక్కున్నాను. "కొంటే కొన్నవ్ అనుడు నాకొద్దు. కొనలేదను."

"పండుగపూట లొల్లేందే?"

"దొంగ రాసిస్తే నమ్మినవ్. తోడబుట్టింది చెప్తే నమ్మవా?"

అన్న మొహంలో రంగు మారింది. కాగితాన్ని మడిచి పక్కన పెట్టాడు. అందరికీ వినబడేటట్టు, గొంతు సరిచేసుకుని అన్నాడు: "నా చెల్లె కొనలేదు." మూడు ముళ్ళు వేసి, గట్టిగా ఉన్నాయో లేదో లాగి చూశాను. "ఇగ ఇడువే, రక్తం ఆగుతది" అన్నాడు.

ఇప్పుడు నాకు తెలివొచ్చింది. తెలియని నంబరు మోగితే ఎత్తను, వింత మెయిలు వస్తే తెరవను. అయినా కొట్టు నడుమ పళ్ళెం పట్టుకుని, ఖాతా మొత్తం ఖాళీ అయ్యే గండం తృటిలో తప్పిన సంగతి మరిచి, ఒక్క మాట కోసం అన్నను నిలదీసిన ఆనాటి నన్ను తలుచుకుంటే నవ్వొస్తుంది. ఇంత జాగ్రత్తలో ఉన్న నాకు అంత ధైర్యం ఉందో లేదో, ఏమో మరి.