పాలికలకు నీళ్లు

అంకురార్పణ అనే మాటను ఇంత ధారాళంగా వాడుతున్న మీరు, ఎన్నడైనా ఒక్క గింజను మట్టిలో వేశారా? భవనానికీ, పథకానికీ, పార్టీకీ అంకురార్పణే అంటున్నాం. అంకురమంటే మొలక, అర్పణమంటే సమర్పించడం. పెళ్లికి ముందు పాలికలనే మట్టి మూకుళ్లలో పుట్టమన్ను నింపి, నానబెట్టిన నవధాన్యాలు చల్లి శుభకార్యాన్ని ఆరంభించే ఆచారం నుంచి వచ్చిన మాట అది. చల్లే చేతులు ముత్తైదువలవే కావాలన్నది దానికి తోడైన నియమం.

కాకినాడ దగ్గరి ఒక పల్లెలో జాకెట్లు కుట్టుకుంటూ ఒంటరిగా బతికే లోవలక్ష్మి ఆ నియమానికి వెలుపల ఉంది. పెళ్లయిన కొత్తలోనే భర్త పోయాడు. మామూలు రోజుల్లో ఆమె ఫోను మోగదు. బంధువులింట పెళ్లి కుదిరితే మాత్రం పిలుపు వస్తుంది: పుట్టమన్ను తెచ్చి జల్లించాలి, గింజలు ఏరి నానబెట్టాలి. అన్నీ అమర్చాక వెనక గదిలోకి వెళ్లిపోవాలి. ఆస్తిలో వాటా గురించి చట్టం మాట్లాడుతుంది. పందిట్లో చోటు గురించి ఏ సెక్షనూ నోరు మెదపదు.

ముత్తైదువలు గింజలు చల్లి, ఫొటోలు దిగి, పాలికల సంగతి మరిచిపోతారు. మొలకలు రాకపోతే అపశకునమని పెళ్లికూతురిని ఆడిపోసుకుంటారు. అందుకే లోవలక్ష్మి ఎవరూ చూడనప్పుడు నీళ్లు చిలకరించేది. పచ్చగా లేచిన మొలకలను చూసి అందరూ ముత్తైదువల చేతి చలవను మెచ్చుకునేవారు.

మొన్న వేసవిలో ఆమె తమ్ముడు చంద్రరావు కూతురు లావణ్య పెళ్లి. ఆ పిల్లను చంకనేసుకుని పెంచింది లోవలక్ష్మే. గింజలు చల్లిన మర్నాటికే మట్టి బీటలు తీసింది. చెంబుతో వెళ్లిన ఆమెను తమ్ముడి భార్య చూసింది. ఆవిడ పేరు చిన్నమ్మాయి.

“అయ్యో, వదినగారూ! ఆ చెంబు అక్కడ పెట్టేయండి. మీకు తెలీనిదేముందండి?”

“తెలుసు కాబట్టే వచ్చాను. మట్టి చూడు, పెనంలా ఉంది.”

“మావాళ్లు పోస్తారులెండి.”

“మీవాళ్లు గోరింటాకు పెట్టించుకుని చేతులు చాపుక్కూచున్నారమ్మా. అన్నం కూడా మనమే తినిపించాలేమో!”

చిన్నమ్మాయి వచ్చిన నవ్వును ఆపుకుంది. “పోనీ, ఎవరూ లేనప్పుడు పోసెయ్యండి. నేను చూళ్లేదనుకుంటాను.”

దయలా వినిపించే ఆ వెసులుబాటే ఇన్నేళ్లూ ఆమెను వెనక గదిలో ఉంచింది. కాదంటే ఆ కాస్త పిలుపూ ఆగిపోవచ్చు. ఆమెకు మనుషుల మధ్య గడిచేవి ఆ నాలుగు రోజులే.

“లేదు చిన్నమ్మాయ్. ఇక దొంగచాటుగా పొయ్యను. అందరూ చూస్తుండగా పోస్తాను. తప్పనిపిస్తే, ఇంకే పెళ్లికీ నన్ను పిలవకండి.”

పందిట్లో ఉన్నవాళ్లంతా ఇటు తిరిగేదాకా ఆగి, లోవలక్ష్మి చెంబు వంచింది.